పొద్దుటి టీవీని ఎవరు చూస్తారు?

విజయవాడ సత్యనారాయణపురంలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో ఏదో ఒక మామూలు ఇల్లు. పొద్దున్న ఏడున్నర. హాల్లో టీవీ మోగుతూ ఉంటుంది, ఎదురుగా ఎవరూ ఉండరు. వంటింట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ ఒకరు, బాత్రూమ్ తలుపు దగ్గర "ఇంకా ఎంతసేపురా" అంటూ ఒకరు, కుళాయి ఆగిపోయేలోపు బిందెలు నింపుకుంటూ మరొకరు. తెర మీద యాంకర్ సూటూ టైతో ఉంటాడు. వెనక ఎల్ఈడీ గోడ మీద గ్రాఫిక్స్ గిర్రున తిరుగుతుంటాయి, కింద రెండు వరుసల స్క్రోలింగ్ పరిగెడుతుంటుంది. ఆ సింగారమంతా సోఫా మీద మడతపెట్టకుండా వదిలేసిన బట్టల కుప్పకే దక్కుతుంది. గొంతు పెంచి "బ్రేకింగ్" అన్నప్పుడు వంటింట్లోంచి ఒక తల బయటికొస్తుంది. సంగతి మన ఊరిది కాదని తేలగానే మళ్ళీ లోపలికి పోతుంది.

ఉదయం వార్తల కార్యక్రమం ఎలా తయారవుతుందో, ఎందుకలా ఉంటుందో తెలియాలంటే ఆ ఖాళీ హాల్లోంచే చూడాలి. రాత్రి తొమ్మిదింటి బులెటిన్ దగ్గర జనం కూర్చుంటారు. పొద్దుటిది పనులు చేసుకుంటూ వింటారు. ఎవరూ పది పదిహేను నిమిషాలకి మించి దాని దగ్గర ఉండరు. అందుకే ఆ కార్యక్రమానికి మొదలూ చివరా ఉండదు. సిటీ బస్సులాగా ఏ స్టాపులోనైనా ఎక్కాలి, ఏ స్టాపులోనైనా దిగాలి. అరగంటకోసారి అవే హెడ్‌లైన్స్ తిరిగి రావడం డెస్కు బద్ధకం అనుకుంటారు చాలామంది. బద్ధకం కొంత ఉంటే ఉండొచ్చు గానీ, అసలు సంగతి ఏమిటంటే ఏడింటికి విన్న మనిషి ఏడున్నరకి ఇంట్లో ఉండడు. అప్పుడు వినేది ఇంకొకరు.

ఈ వినే అలవాటు టీవీకంటే చాలా పాతది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు కృష్ణా గుంటూరు జిల్లాల ఇళ్ళలో పొద్దుటి పూట గడియారం పనంతా రేడియోనే చేసింది. భక్తిరంజని వస్తుంటే పొయ్యి వెలగాలి. ఆరు ముప్పావుకి ప్రాంతీయ వార్తలు వచ్చేసరికి కాఫీలు అయిపోవాలి. 6.55కి ఢిల్లీ నుంచి "ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతామ్" అని వినపడగానే, సంస్కృతం ఒక్క ముక్క రాని ఇంట్లో కూడా పిల్లల్ని స్నానానికి తరిమేవాళ్ళు. ఆ వార్తల్లో ఏం చెప్పారో ఎవరికీ పట్టేది కాదు, ఏడు కావస్తోందన్నది ముఖ్యం. ఏడు దాటాక ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య సినిమాల్లో స్థిరపడక ముందు ఢిల్లీ ఆకాశవాణిలో ఆ తెలుగు వార్తలు చదివినవారే. తర్వాత తెర మీద మొహం ఎంత తెలిసినా జనం ఆయన్ని గుర్తుంచుకున్నది గొంతుతోనే.

ఇక మిగతా ప్రపంచంలో ఈ 'బ్రేక్‌ఫాస్ట్ టీవీ' వేరే దారిన వచ్చింది. అమెరికాలో ఎన్‌బీసీ 'టుడే' 1952 జనవరి 14న మొదలైంది. డేవ్ గారోవే అనే సౌమ్యుడైన సమర్పకుడు, వీధిలోకి తెరుచుకునే అద్దాల స్టూడియో. అంతున్నా జనం అంతంతమాత్రమే. మరుసటి ఏడాది జె. ఫ్రెడ్ మగ్స్ అనే చింపాంజీని తెచ్చి కూర్చోబెట్టాక పిల్లలు టీవీ పెట్టమని మారాం చేశారు, పిల్లల వెనక పెద్దలూ వచ్చారు. బ్రిటన్‌లో బీబీసీ 'బ్రేక్‌ఫాస్ట్ టైమ్' 1983 జనవరి 17న వచ్చింది. బల్ల తీసేసి సోఫా వేశారు, కోటు విప్పి స్వెటర్ తొడిగారు. పక్కన రస్సెల్ గ్రాంట్ అనే జ్యోతిష్కుడు రాశిఫలాలు చెప్పేవాడు. మన చానెళ్ళ పొద్దుటి రాశిఫలాలను చూసి నవ్వేవాళ్ళు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోవచ్చు. రెండు వారాలకి, ఫిబ్రవరి 1న, డేవిడ్ ఫ్రాస్ట్ లాంటి హేమాహేమీలను వెంటేసుకుని బీబీసీకి పోటీగా టీవీ-ఏఎమ్ అనే ప్రైవేటు సంస్థ దిగింది. లోకానికి అన్నీ విడమరిచి చెబుతామన్నారు. జనం పట్టించుకోలేదు. చివరికి రోలండ్ ర్యాట్ అనే ఎలుక బొమ్మ వచ్చి ఆ సంస్థను ఒడ్డున పడేసింది. అక్కడ చింపాంజీ, ఇక్కడ ఎలుక. పొద్దున్నే మేధావుల మాటలు వినే ఓపిక ఏ దేశంలోనూ లేదన్నమాట.

దూరదర్శన్ కూడా 1987లో ఉదయపు ప్రసారాలు మొదలుపెట్టింది. తర్వాత ప్రైవేటు చానెళ్ళు వచ్చాయి. 1995లో జెమిని, ఈటీవీ, 2003 డిసెంబరులో ఈటీవీ-2, 2004లో టీవీ9, 2009లో సాక్షి, ఏబీఎన్. వీటిలో చాలావాటికి సోఫాలు కొనే డబ్బుంది, కొన్ని కొన్నాయి కూడా. అయినా తెలుగులో పొద్దుటి వార్తలకి సోఫా పెద్దగా అతకలేదు. సోఫా మీద కూర్చునే సమర్పకుల జంట మన ఇంటికొచ్చిన చుట్టాల్లాంటివాళ్ళు. పొద్దున్న ఏడింటికి చుట్టాలు దిగితే ఎవరికి సంతోషం? ఆ వేళకి మన గుమ్మం దగ్గరికి వచ్చేది పాలవాడు, పేపరు కుర్రాడు. ఆ తర్వాత, "పేపరు చూసేశారా" అంటూ పక్కింటి పెద్దాయన.

తెలుగు టీవీ ఆ పెద్దాయన్నే తెచ్చి స్టూడియోలో కూర్చోబెట్టింది.

పత్రికల ముఖ్యాంశాలను తెర మీద పరిచి, ఒక్కొక్కటే చదువుతూ, ఇద్దరు ముగ్గురు అతిథులతో మాట్లాడించడమన్నది మన ఉదయపు వార్తల్లో అసలు సిసలు సొంత తరహా. విజయవాడ వాళ్ళకి ఇది కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఉంది. ఇది పేపర్ల ఊరు. ఆంధ్రజ్యోతి 1960లో ఇక్కడే పుట్టింది. విశాలాంధ్ర, ప్రజాశక్తి ఇక్కడివే. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు నాలుగేళ్ళకి ఇక్కడ ఎడిషన్ పెట్టింది. టీ బంకు దగ్గర ఒక పేపరు నాలుగు ముక్కలై నలుగురి చేతుల్లో ఉండటం, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు "అంతా అబద్ధం" అని కొట్టిపారేయడం ఈ ఊరి పొద్దుటి కాలక్షేపం. కెమెరా పెట్టి అదే చేస్తే ప్రోగ్రామ్ అయింది.

ఈ ఏర్పాటు చానెల్‌కి ఎంత కలిసొచ్చిందో చూడాలి. పొద్దున్న ఆరింటికి కొత్త వార్తలు ఉండవు. ఆఫీసులు తెరవరు, ప్రెస్ మీట్లు పదీ పదకొండు దాటితే గానీ మొదలవవు, నాయకులు ఫోన్లు ఎత్తరు. రాత్రి జరిగిన ప్రమాదమో, ఎగువ నుంచి వచ్చే వరదో లేకపోతే చేతిలో ఉన్నది పేపర్లే. తెల్లారేసరికి అవి ఇంటర్నెట్‌లో ఉంటాయి. డెస్కులో ఒకరు హెడ్డింగులు కత్తిరించి, పసుపు రంగు పూసి, వరుసగా పేర్చి ఇస్తే చాలు. రిపోర్టర్ అక్కర్లేదు, బయటి నుంచి లైవ్ పంపే ఓబీ వ్యాన్ అక్కర్లేదు. రెండు మూడు గంటల ప్రసారం ఒక బల్ల, నలుగురు మనుషులతో నడిచిపోతుంది. పైగా మన దగ్గర పేపరూ చానెలూ ఒకే ఇంటివి కావడం మామూలు. రాత్రి తమ పేపర్లో వేసిన బ్యానర్‌ని పొద్దున్న తమ చానెల్‌లోనే "ఈ రోజు పత్రికల్లో వచ్చిన ప్రధాన వార్త" అని చదువుకోవచ్చు. ఒకే కథనానికి రెండు జన్మలు.

చదవడమంటే అమాయకమైన పనిలాగే కనిపిస్తుంది. "నేనేం అనడం లేదండి, పేపర్లో ఇలా రాశారు" అంటే సరిపోతుంది. కానీ ఏ పేపరు ముందు, ఏది తర్వాత? ఏ హెడ్డింగు రెండుసార్లు, ఏది అసలు లేదు? ఏది చదివాక చిన్న నవ్వు, ఏది చదివాక నిట్టూర్పు? సమర్పకుడి రాజకీయమంతా ఆ వరుసలోనూ ఆ నవ్వులోనూ ఉంటుంది. చూడని మనిషికి నవ్వు కనబడదు గానీ, గొంతులో ఆ విరుపు వంటింటిదాకా వినపడుతుంది. నాలుగు రోజులు వింటే ఏ యాంకర్ ఎటువైపో ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. విచిత్రమేమిటంటే చాలామందికి అది తప్పుగా తోచదు. తన వైపు పెద్దాయన్ని తాను ఎంచుకుని వింటారు.

ఆ పెద్దాయన కుర్చీ ఎంత జారుడుదో 2025 జూన్‌లో తెలిసొచ్చింది. సీనియర్ జర్నలిస్టు కొమ్మినేని శ్రీనివాసరావు సాక్షి టీవీలో నడిపే లైవ్ షోలో ఒక అతిథి అమరావతి గురించి, అక్కడి మహిళలను కించపరిచే మాట అన్నారు. గుంటూరు జిల్లా తుళ్ళూరులో కేసు నమోదైంది. పోలీసులు హైదరాబాద్ వెళ్ళి జూన్ 9న ఆ అతిథి కంటే ముందు సమర్పకుడినే అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు 13న ఆయన్ని విడుదల చేయమంది. ఆ మాట ఆయన అన్నది కాదని, లైవ్ షోలో పాల్గొనే పాత్రికేయుడి హక్కుకి రక్షణ ఉండాలని చెప్పింది. దాంతోపాటే, షోలో పరువు తీసే మాటలు తాను అనకూడదు, మరొకరిని అననివ్వకూడదు అని కూడా చెప్పింది. అరెస్టు సబబా, కక్షా అని ఊరూరా రెండుగా చీలి వాదించుకున్నారు. ఆ వాదనలో మరుగున పడింది 'అననివ్వకూడదు' అన్న ఆ ఒక్క ముక్క. ఉదయపు సమర్పకుడి పనిలో కష్టమంతా అందులోనే ఉంది. పేపరు చదవడం ఎవరైనా చేస్తారు. లైవ్‌లో ఎదుటివాడి నోట మాట దొర్లబోతుండగా పసిగట్టి అడ్డు తగలడానికి ఉండేది ఒక్క క్షణం. అడ్డు తగలకుండా నవ్వితే ఒక అర్థం, నవ్వకుండా ఊరుకుంటే ఇంకో అర్థం. "అది వారి వ్యక్తిగత అభిప్రాయం" అని తర్వాత చెప్పేది పొయ్యి ఆరిపోయాక పోసే నెయ్యి లాంటిది.

ఇక భాష. శాంతిస్వరూప్ 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు చదవడం మొదలుపెట్టినప్పుడు ఎదురుగా ప్రాంప్టర్ లేదు. కాగితాలు ముందే చదివి గుర్తుపెట్టుకుని కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. 2011లో పదవీ విరమణ చేశారు, 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారు. గుర్తుపెట్టుకుని చెప్పాల్సి వచ్చినప్పుడు వాక్యం దానంతటదే చిన్నదవుతుంది, నోటికి తిరిగేలా మారుతుంది. తర్వాత ప్రాంప్టర్ వచ్చింది. కెమెరా కటకం ముందు ఏటవాలుగా పెట్టిన అద్దం మీద అక్షరాలు పైకి జరుగుతుంటాయి, యాంకర్ చదువుతుంటే కన్ను మన మీదే ఉన్నట్టు ఉంటుంది. కన్ను కుదిరింది గానీ, ఎంత పొడుగు వాక్యం రాసినా చదివేయొచ్చన్న ధీమా డెస్కులకి వచ్చేసింది.

ప్రాంప్టర్ లేనిది బయట నిలబడ్డ రిపోర్టర్‌కే. వర్షాకాలం ఉదయం ఏడింటికి ప్రకాశం బ్యారేజీ మీద ఆ దృశ్యం అందరికీ తెలుసు. వెనక గేట్ల మీదుగా దూకే నీళ్ళు, పక్క నుంచి హారన్ కొడుతూ పోయే బస్సు, చేత్తో మైకు, చెవిలో వేలు. స్టూడియోలోంచి ప్రశ్న: "చెప్పండి, అక్కడ తాజా పరిస్థితి ఎలా ఉంది?" ఒకటి, రెండు, మూడు... రిపోర్టర్ తల ఊపుతూనే ఉంటాడు. తర్వాత: "ఆఁ... ముఖ్యంగా చూసుకున్నట్లయితే, ఇక్కడ ప్రస్తుత పరిస్థితిని గనక ఒకసారి గమనించినట్లయితే, ఎగువ నుంచి పెద్ద ఎత్తున వరద నీరు రావడం జరుగుతోంది, అధికారులు గేట్లు ఎత్తడం జరిగింది, దిగువకి నీటిని విడుదల చేయడం జరుగుతోంది."

ఇందులో ఉన్న సంగతి ఎంత? బ్యారేజీ పక్కన చేపలు పట్టుకునే మనిషిని అడిగితే "పైనుంచి నీళ్ళొస్తన్నయ్, గేట్లెత్తారు" అంటాడు. నాలుగు మాటలు. అయితే రిపోర్టర్‌ని వెక్కిరించి ఊరుకుంటే సరిపోదు. ఆ మూడు సెకన్ల మౌనం అతని చేతిలో లేదు. మాట ఉపగ్రహం మీదుగా వెళ్తే భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళి దిగాలి. సిమ్ కార్డుల కిట్ మీదుగా వెళ్తే దృశ్యాన్ని ముక్కలు చేసి పంపి, అవతల మళ్ళీ అతికించుకోవాలి. దేనికైనా ఆలస్యం తప్పదు. ప్రశ్న పూర్తిగా వినపడిందో లేదో తెలియదు, స్టూడియోలో తన మొహం ఎప్పుడు పడిందో తెలియదు. అప్పుడు నోటికి ఊతగా దొరికింది 'చూసుకున్నట్లయితే'. ఆ ఒక్క మాట అనే లోపు తర్వాతి ముక్క గుర్తొస్తుంది. పైగా రెండు నిమిషాలు నింపాలి, చెప్పడానికి ఉన్నది ఇరవై సెకన్ల సంగతి.

'చూసుకున్నట్లయితే' వల్ల ఎవరికీ నష్టం లేదు. 'జరిగింది' అలా కాదు. "పింఛను ఆపడం జరిగింది", "ఇళ్ళు కూల్చడం జరిగింది", "నీళ్ళు వదలకపోవడం జరిగింది." ఎవరు ఆపారు, ఎవరు కూల్చారు, ఎవరు వదల్లేదు? తెలుగు క్రియ పక్కనే చేసినవాడిని పట్టుకొస్తుంది. ఆపాడు, ఆపింది, ఆపారు అని చెప్పి తీరాల్సిందే. ఆ తలనొప్పి లేకుండా తప్పించుకునే సందు 'జరిగింది'. ఆఫీసు ఉత్తరాల్లోంచి ప్రెస్‌నోట్లలోకి, ప్రెస్‌నోట్లలోంచి టీవీలోకి వచ్చి, ఇప్పుడు పెళ్ళి భోజనాల దగ్గర కూడా "రెండో బంతి వడ్డించడం జరుగుతోంది" అనేదాకా పాకింది.

టీవీ తెలుగు మన తెలుగే అని కృష్ణా గుంటూరు వాళ్ళకి లోలోపల ఒక గర్వం. ఈ జిల్లాల చదువుకున్నవాళ్ళ మాటే పత్రికలకీ, ఆపైన చానెళ్ళకీ ప్రమాణంగా చలామణి అయిన మాట నిజం. మిగతా ప్రాంతాల వాళ్ళు దానిమీద పడ్డ కోపమూ న్యాయమైనదే. కానీ ఇక్కడ కూడా అందరి మాటా ఎక్కలేదు. మాచర్ల వైపు 'యాడ', 'ఏంది' స్టూడియోలో వినపడవు. మైకు ముందు బాధితుడు చెప్పే నాలుగు ముక్కల బైట్‌లో వినపడతాయి, అదీ ఏడుపుతో కలిసి.

అన్నిటికన్నా విడ్డూరం స్టూడియో ఎక్కడుందన్నది. రాష్ట్రం విడిపోయాక పాలన వెలగపూడికి వచ్చింది. పెద్ద పార్టీల ఆఫీసులు మంగళగిరిలోనూ తాడేపల్లిలోనూ ఉన్నాయి. దూరదర్శన్ సప్తగిరి 2014 సెప్టెంబరు 27న ఆంధ్రప్రదేశ్ చానెల్‌గా వచ్చింది. ప్రైవేటు చానెళ్ళలో కొన్ని బెజవాడలో స్టూడియోలు తెరిచి, తెర మీద అతిథి కింద "విజయవాడ" అని ఒక డబ్బా ఇచ్చాయి. పెద్ద చానెళ్ళ అసలు బల్ల మాత్రం 270 కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌లోనే ఉంది. దాంతో విజయవాడ పేరు మునుపెన్నడూ లేనంతగా టీవీలో వినపడుతోంది గానీ, అది ఊరుగా కాదు, రాజధాని గుమ్మంగా. బెంజి సర్కిల్ దగ్గర ఈ పొద్దున ట్రాఫిక్ ఎలా ఉంది, వన్‌టౌన్‌లో నీళ్ళు వస్తాయా, గుంటూరు మిర్చి యార్డుకి ఇవాళ ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చాయి, తేజ రకం మిర్చి క్వింటా ఏ ధర పలుకుతోంది? ఇంట్లోంచి బయటికెళ్ళే మనిషికి కావాల్సింది ఇవి. ఇవి ఇప్పటికీ పేపరు జిల్లా పేజీల్లోనో, వాట్సాప్‌లోనో దొరకాలి.

దీనికి కారణం ఎవరి చిన్నచూపో కాదు, లెక్క. టీవీ రేటింగులు ఇచ్చే బార్క్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపి ఒకే మార్కెట్‌గా చూస్తుంది. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకే యాంకర్, ఒకే హెడ్‌లైన్. సత్యనారాయణపురం కుళాయి గురించి చెబితే నిజామాబాద్‌లో చానెల్ మారుస్తారు. ముఖ్యమంత్రి మీద ప్రతిపక్ష నాయకుడి విమర్శ గురించి చెబితే రెండుచోట్లా కొంతమందైనా ఉంటారు. రాజకీయమొక్కటే అందరికీ ఉమ్మడి వాతావరణం, అందుకే పొద్దున్నే అంత రాజకీయం.

ఈ ఏర్పాటు మొత్తం ఒక్కసారి బయటపడింది 2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున్న. బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలను ముంచేసింది. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది, అంతకు ముందెప్పుడూ లేనంత. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి గుద్దుకున్నాయి. ఆ ఉదయాల్లో చానెళ్ళు పేపర్లు పక్కనపెట్టాయి. డ్రోన్ దృశ్యాలు, నడుంలోతు నీళ్ళలో నిలబడి రిపోర్టర్లు, గంటల తరబడి లైవ్. 'చూసుకున్నట్లయితే'లు కూడా తగ్గాయి, చూపించడానికి అంత ఉంది. హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న పిల్లలు టీవీలకి అతుక్కుపోయి తమ వీధి కనబడుతుందేమోనని వెతుక్కున్నారు.

సింగ్‌నగర్‌లో మునిగిన వీధులకి కరెంటు లేదు. డాబాల మీదికెక్కిన జనాన్ని లోకమంతా చూస్తోంది, ఆ జనానికి మాత్రం టీవీ లేదు. పడవ ఏ సందు దాకా వస్తుందో, పాల ప్యాకెట్లు ఎక్కడ ఇస్తున్నారో, నీళ్ళు ఇంకా పెరుగుతాయో తగ్గుతాయో వాళ్ళకి తెలియాలి. ఫోన్లో రెండు గీతల ఛార్జింగ్ మిగిలినవాళ్ళకి దూరాన ఉన్న బంధువు టీవీ చూసి చెబితే తెలిసింది, లేనివాళ్ళు పక్క డాబా వైపు కేకేసి అడిగారు. ఇలాంటి పొద్దుకి పనికొచ్చేది ఊరి పేరు, వీధి పేరు పెట్టి గంటగంటకీ చెప్పే గొంతు. చేతిలో పట్టే ట్రాన్సిస్టర్, రెండు సెల్స్ ఉంటే చాలు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఊళ్ళోనే ఉంది. ట్రాన్సిస్టర్లు అటకల మీద ఉన్నాయి, ఉన్న ఇళ్ళలో. సెల్స్ వేసి ఎన్నేళ్ళయిందో.